అరువు ముఖాలు

ఉదయం టిఫిన్ల వేళకే సీతమ్మధార గతశాల ముందు వరస వీధి మలుపు దాటింది. విశాఖలో ఇప్పుడు పేటకొక గతశాల ఉంది. తలకి శిరోవలయం తగిలించుకుని కూర్చుంటే ఏనాటి రోజునైనా ఒంటితో అనుభవించి రావచ్చు. పిల్లలు చరిత్ర పాఠాలు అక్కడే నేర్చుకుంటారు. పెళ్లి కుదిరిన జంటలు ముత్తాతల పెళ్లిళ్లకి వెళ్లి విందు రుచి చూసి వస్తారు. నిద్రపట్టని వాళ్లకి వైద్యులు పాతకాలపు వానని మందుగా రాసిస్తారు.

ఆ శాలలో చరిత్రకారిణిగా పనిచేస్తున్న సువర్చల వరస పక్కనుంచి లోపలికి పోతూ ఇద్దరు మగాళ్ల మాటలు విని ఆగింది. వాళ్లు ఇడ్లీలు తింటున్నారు.

“వలయం పెట్టుకునే ముందు ఫోటో ఓపాలి బాగా చూసుకో. ముఖం కుదురుతాది,” అంటున్నాడు ఒకడు. “నిన్న మా సూపర్‌వైజరు బండి మీంచి దూకి పొలంలోకి పరిగెట్టేడు. పోనిస్తానా?”

రెండోవాడు తన బావమరిది ఫోటో ఉందనీ, పాతదైనా పనికొస్తుందా అనీ అడిగాడు. మొదటివాడు వేలికంటిన చట్నీ నాకి, పనికొస్తుందన్నట్టు తలూపాడు.

వాళ్లు మాట్లాడుతున్నది తను తయారుచేసిన దృశ్యం గురించేనని సువర్చలకి అర్థమైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా మీద ఎగిరిన ఒక అమెరికన్ వైమానిక దళం మీద ఆమె ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. హెరాన్ దళమని దాని పేరు. ఆకాశంలో ఎత్తునుంచి నగరాల మీద బాంబులు వేసే దళం కాదది. తమ సైన్యం ముందు తక్కువ ఎత్తులో ఎగురుతూ, శత్రువు రైళ్లనీ వంతెనలనీ లారీలనీ కొట్టడం దాని పని. ఆ దళం నడిపిన థండర్‌బోల్ట్ యుద్ధవిమానాలలో, మీట నొక్కి తుపాకులు పేల్చినంతసేపూ తిరిగే చిన్న కెమెరా ఉండేది. యుద్ధం చివరి వసంతంలో ఒక ఉదయం జర్మనీలోని ఓ బాట మీద శత్రు సైన్యపు బండ్లని నాశనం చేశామని దళం చెప్పుకుంది. సువర్చల ఆ ఫిల్ము పదేపదే చూసింది. బండ్ల నిండా చుట్టిన పరుపులు ఉన్నాయి. చివరి బండి వెనక ఒక ఆవు కట్టేసి ఉంది. యుద్ధానికి పోయే సైన్యం పాడి ఆవుని వెంట తోలుకుపోదు. వాళ్లు ఇళ్లు వదిలి పారిపోతున్న రైతులు.

ఆ విమానం నడిపినవాడు ముసలితనంలో చెప్పిన మాటలు ఒక పాత రికార్డులో దొరికాయి. “ఆవుని చూశాను. చూసేసరికే వేలు నొక్కి ఉంది. తరవాత తియ్యలేదు,” అన్నాడతను.

ఆ మాట విన్న రోజున సువర్చల అన్నం ముట్టలేదు. ఆ సంగతి జనానికి పుస్తకంలా చెబితే చాలదనుకుంది. చూసేవాళ్లు అతని సీట్లోనే కూర్చోవాలి, అతను చూసింది చూడాలి, మీట తామే నొక్కాలి. అయితే ఫిల్ములో మనుషుల ముఖాలు బూడిద మరకల్లా ఉన్నాయి. తెలియని చోట్లని పూరణయంత్రం ఊహించి నింపుతుంది. ఊరూ పేరూ లేని ముఖాలు నింపితే ఎవరికీ నొప్పి పుట్టదని, చూసేవాడి జ్ఞాపకంలోంచే ముఖాలు తెచ్చి పెట్టమని ఆమే కోరింది. తనవాళ్లు ఆ బాట మీద కనబడితే వేలు వణుకుతుందని ఆమె నమ్మకం. ముందుగా తనే చూసింది. బండి మీద తన పిన్ని కూర్చుని ఉంది. సువర్చల ఏడుస్తూ బయటికొచ్చింది. మొదట్లో అందరూ అలాగే వచ్చారు. తరవాత వరస పెరిగింది. మన జనానికి ఇంత మనసుందా అని ఆమె పొంగిపోయింది.

ఇప్పుడు ఆ పొంగే చీదరగా ఉంది. మనసులో ముందు మెదిలిన ముఖాన్నే యంత్రం తీసుకుంటుంది. ఆ కిటుకు జనం కనిపెట్టి, గిట్టనివాళ్ల ముఖాలు తలుచుకుని లోపలికి పోతున్నారు.

శాల అధిపతి కామేశం గారికి ఆమె ఈ సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఆయనకి ఎప్పుడో తెలుసు. నాడీ సూచికల ప్రకారం ఈ దృశ్యం చూసినవాళ్లంతా ఎంతో ప్రశాంతంగా ఇంటికి పోతున్నారని, ఇంకే దృశ్యానికీ ఇంత మంచి ఫలితం లేదని మెల్లగా వివరించారు. ఆయన బల్ల మీద పకోడీల పొట్లం విప్పి ఉంది. ఆ నూనె వాసన సువర్చలకి భరించరానిదైంది.

“అక్కడ నిజంగా మనుషులు చచ్చిపోయారండీ. వాళ్ల ముఖాలు తుడిచేసి, మన పగలు అంటించాం,” అంది.

“ముఖాలు తుడిచింది కాలం, సువర్చల గారూ. అంటించమన్నది మీరు,” అన్నారాయన.

కానీ చరిత్రకారుల ఆమోదం లేకుండా ఏ దృశ్యమూ నడపకూడదన్నది చట్టం. ఈ దృశ్యానికి తన ఆమోదం వెనక్కి తీసుకుంటున్నానని, మధ్యాహ్నంలోగా ఆ మాట యంత్రానికి చెప్పేస్తానని ఆమె లేచింది. కాదనే అధికారం ఆయనకి లేదు. పకోడీ తీసుకోమన్నారు.

వరండాలో ఒక నడివయసు స్త్రీ ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడింది. పేరు నూకరత్నం. భర్త చిన్నంనాయుడు రేవులో క్రేను నడుపుతాడట. అతను లోపల ఉంటే ఆమె రోజూ బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఆ బెంచీ కామేశం గారి గది తలుపు పక్కనే కావడంతో లోపలి మాటలు ఆమె చెవిని పడ్డాయి.

“ఆ బండ్ల ఆట తీసెయ్యకమ్మా. నీకు దణ్ణం పెడతాను,” అంది.

అది ఆట కాదని సువర్చల విసుగ్గా అంది. నూకరత్నం చీర కొంగు పక్కకి జరిపి భుజం చూపించింది. ఎముక విరిగి వంకరగా అతుక్కున్న భుజం. పెళ్లయిన కాణ్ణుంచీ తన్నులేనట. ఇక్కడికి రావడం మొదలెట్టాక మనిషి చెయ్యెత్తలేదట. అన్నం కంచం విసరడం లేదట. మొన్న జ్వరమొస్తే గంజి కాచి పట్టాడట.

దాచడం కూడా తప్పేననిపించి సువర్చల, లోపల అతను ఏం చేస్తాడో, అక్కడ ఎవరి ముఖం కనబడుతుందో చెప్పబోయింది.

నూకరత్నం మధ్యలోనే ఆపింది. “నానెరుగుదును గదమ్మా. ఆయనే సెప్పేడు. పరిగెడతానంట. వదలడంట.” ఆమె కొంగు సర్దుకుంది. “అక్కడ సస్తే సచ్చేను. ఇంట్లో బతుకుతున్నాను గదా.”

పోలీసులకి చెబుదామని సువర్చల అంది. రెండుసార్లు చెప్పానని, వాళ్లు మందలించి పంపిన రోజునే భుజం విరిగిందని నూకరత్నం అంది. మా ఇంటికి వచ్చి ఉండమని కూడా సువర్చల అనేసింది. ఎన్నాళ్లని అడిగింది నూకరత్నం. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు.

సువర్చల యంత్రం గదిలోకి వెళ్లి నిలబడింది. హెరాన్ దళపు దృశ్యానికి మీ ఆమోదం కొనసాగుతుందా అని యంత్రం మర్యాదగా అడిగింది. ఆ పొలాల్లో పడిపోయిన రైతులు ఆమెకి గుర్తొచ్చారు. వాళ్ల వైపునుంచి మాట్లాడగలిగింది ఈ లోకంలో తనొక్కతే. గాజు తలుపు అవతల నూకరత్నం బెంచీ మీద ఒదిగి కూర్చుని ఇటే చూస్తోంది.

“ఉండనీ,” అంది సువర్చల.

కృతజ్ఞతలు చెప్పి యంత్రం తరవాతి దృశ్యం గురించి అడగసాగింది. ఆమె వినకుండా పెరట్లో కుళాయి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది.

నోరు కడుక్కుని వచ్చేసరికి లోపలివాళ్లు బయటికి వస్తున్నారు. చిన్నంనాయుడు వచ్చాడు. పొట్టివాడు. తలంటు పోసుకున్నవాడిలా ముఖం తేటగా ఉంది. గతశాల పెద్దమ్మగారని భార్య చెబితే రెండు చేతులూ జోడించి సువర్చలకి నమస్కారం పెట్టాడు. భార్య చేతిలోని సంచీ తను అందుకున్నాడు. ఎండ చురచుర్లాడుతోంది. గొడుగు విప్పి, తను ఎండలో నడుస్తూ, నీడంతా ఆమె మీద పడేలా పట్టుకున్నాడు.