బుగ్గలు నిండాక

2068లో విశాఖ నుంచి భీమిలి వెళ్లే రైలుకు టికెట్టు అక్కర్లేదు. తలుపు ముందు ముఖం చూపిస్తే చాలు, తెరుచుకుంటుంది. నూకరత్నం మాత్రం ముసుగు తీయడానికి వెనకాడేది. తలుపు తెరుచుకోక వెనకవాళ్లు విసుక్కునేవారు.

ఆమెకు పుట్టుకతోనే హెచ్ఐవీ సోకింది. చిన్నప్పుడు మింగిన పాతకాలపు మాత్రలు ప్రాణం నిలబెట్టాయి గానీ చెంపల్లోని కొవ్వును కరిగించేశాయి. డాక్టర్లు దాన్ని లైపోఆట్రఫీ అంటారు. జన్యుకత్తెర చికిత్సతో వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోయి చాలా ఏళ్లయింది. చెంపల గుంటలు మాత్రం ఉండిపోయాయి. రక్తంలో వైరస్ లేదన్న పరీక్ష ఎవరికి కనిపిస్తుంది? పక్కింటి మాణిక్యాంబ ఈవిడ ఇచ్చిన ప్రసాదం కళ్లకద్దుకునేది గానీ, నోట్లో వేసుకునేది కాదు.

పొట్ట కొవ్వును ముఖంలో నాటడం పాత వైద్యమే. కానీ నాటిన కణాలకు రక్తం అందక సగం చచ్చిపోయేవి. డాక్టర్ ఫర్హానా కనిపెట్టిన ‘కొవ్వునాటు’ యంత్రం కణాలతో పాటు, వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల అల్లికను కూడా పెంచి చెంపలో అమరుస్తుంది. నారు వేసి, కాలవ కూడా తవ్వినట్టు.

“ఏ వయసు ముఖం కావాలి? ఇరవై ఏళ్లదైనా చెయ్యగలను,” అంది యంత్రం, నూకరత్నం దాని ముందు కూర్చోగానే.

“ఇరవైలోనూ నాకు బుగ్గల్లేవు బాబూ,” అంది నూకరత్నం. “ఈ వయసు ముసల్దానికి ఎలాగుంటాయో అలాగే పెట్టు. ఎవులూ రెండోసారి సూడకుంటే సాలు.”

ఫర్హానా నవ్వింది. “అందరూ తమని చూడాలని వస్తారమ్మా. చూడకూడదని వచ్చింది మీరొక్కరే.”

వాపు తగ్గాక నూకరత్నం అద్దం ముందు నిలబడి చెంప నొక్కి చూసుకుంది. మెత్తగా లోపలికి పోయి, మళ్లీ పైకి లేచింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

“అమ్మయ్య, జబ్బు నయమైందన్నమాట!” అంటూ మాణిక్యాంబ ఆమె చేతి గారె గుమ్మంలోనే తినేసింది. నయమై ఎన్నేళ్లయిందో నూకరత్నం చెప్పలేదు. గుండెల మీంచి బండ దిగినట్టుంది. అప్పటికి అదే చాలు.

నెల తర్వాత పరీక్ష కోసం ఫర్హానా ఆస్పత్రికి వెళ్లింది. ఎముకలు తేలిన చెంపలతో ఒకామె వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నూకరత్నం చెయ్యి దానంతటదే, ఇద్దరి మధ్యా ఉన్న తన మంచినీళ్ల సీసాను ఇవతలికి తీసేసుకుంది.

ఆమె అది చూసింది. లేచి, దూరంగా ఉన్న కుర్చీ వైపు కదిలింది.

జన్మంతా తనని కాల్చిన పని, తన చెయ్యే చేసింది. నూకరత్నం గబుక్కున లేచి ఆమె మణికట్టు పట్టుకుంది.

“కూకో సెల్లీ. నానూ నీలాటిదాన్నే.”

‘మొన్నటిదాకా’ అన్న మాట నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేసి, సీసా మూత తీసి అందించింది. ఆమె కాసేపు తటపటాయించి, రెండు గుక్కలు తాగింది.

“నొప్పెడతాదా అక్కా?” అడిగింది ఆమె, నూకరత్నం నిండు బుగ్గలకేసి చూస్తూ.

“నవ్వితే కొంచెం లాగుతాది,” అంది నూకరత్నం. “అయినా నవ్వడం మానకు.”