కొండదారిలో రోజ్దా

ధన్!

వెనక నుంచి రెండో దెబ్బ. కారు పక్కకి జారుతుంది. రెయిలింగు అవతల లోయ...

"రోజ్దా! గట్టిగా పట్టుకో!"

భానుశ్రీ స్టీరింగు తిప్పుతుంది. కారు మళ్ళీ రోడ్డు మీదకి వస్తుంది.

చలికాలం. సాయంత్రం ఆరు కూడా కాలేదు, బ్రిస్బేన్ దారిలోని టూవూంబా కొండ మీద అప్పుడే చీకటి. దానికి తోడు పొగమంచు. కారు ముందు నాలుగు గజాల రోడ్డు తప్ప ఏమీ లేదు. అద్దంలో మాత్రం రెండు హెడ్‌లైట్లు.

యూట్. వెనక ట్రాలీ ఉన్న భారీ బండి.

ఫోన్ మోగుతుంది. భర్త విఠల్.

"భానూ, యాడున్నవ్? డ్యూటీ ఎప్పుడో అయిపోయింది గదా?"

"కొండ దిగుతున్న. రోజ్దాను బ్రిస్బేన్ మీటింగుకు తీస్కపోతున్న. ఎనకనుంచి ఒకడు యూట్‌తోటి గుద్దుతాండు! నువ్వు ఫస్ట్ పోలీసులకు ఫోన్ చెయ్యి!"

"ఏందీ? ఎవడు వాడు? భానూ..."

సిగ్నల్ పోయింది.

ఎవడో ఆమెకి తెలుసు. హాలరన్!

పక్క సీట్లో రోజ్దా అద్దంలోకే చూస్తోంది. మూడేళ్ళుగా పక్కింట్లో ఉంటున్న మనిషి. అంతకుముందు సిరియా సరిహద్దులో కుర్దు ఆడపిల్లల దళానికి కమాండర్. నాలుగు దేశాల మధ్య ముక్కలై, తమకంటూ ఒక దేశం కావాలని పోరాడుతున్న జనం ఆమె జనం.

ఈ రాత్రి బ్రిస్బేన్‌లో కుర్దు యువకులతో హాలరన్ మీటింగ్. "నా వెంట రండి. ఆయుధాలు, డ్రోన్లు, ట్రైనింగ్... ఒక పెద్ద దేశం అన్నీ ఇస్తుంది. మీ స్వతంత్రం మీకు వచ్చేస్తుంది!" ఇదీ అతను ఊరూరా చెప్పే మాట.

పోయిన ఆదివారం పార్కులో బార్బెక్యూ పొయ్యి దగ్గర అదే మాట చెబుతుంటే రోజ్దా చేతిలో ప్లేటు జారిపోయింది.

ఆ గొంతు! ఏళ్ళ కిందట యుద్ధంలో, తమకి సాయమంటూ వచ్చిన విదేశీ అధికారిగా రేడియోలో విన్న గొంతు! 'కొండ వదలొద్దు. విమానాలు వస్తున్నాయి.'

రాలేదు. వాటిని ముందురోజే వెనక్కి పిలిచేశారు. ఆ సంగతి తెలిసే చెప్పాడు. తన మనుషులు తప్పుకునేదాకా శత్రువుకి అడ్డంగా ఎవరో ఒకరు ఉండాలి... అంతే! ఆ దళంలో ప్రాణాలతో కొండ దిగింది ఇద్దరే.

రోజ్దా అతని దగ్గరికి నడిచింది. "ఆ కొండ గుర్తుందా?" అని చెవిలో అడిగింది.

హాలరన్ మొహం పాలిపోయింది. ఈ రాత్రి మీటింగులో ఆమె నోరు విప్పితే అతని ఆట కట్టు.

ధన్! మూడో దెబ్బ. వెనక అద్దం భళ్ళున పగులుతుంది.

"ఆయుధాలు ఇస్తానంటే తీసుకోవచ్చుగా?" భానుశ్రీ అరుస్తుంది. "మా తెలంగాణ కోసం మేమూ రోడ్డెక్కాం. కానీ మా మీదకి ట్యాంకులు రాలేదు. మీ మీదకి వస్తున్నాయి కదా!"

"తీసుకుంటాం! ఎందుకు తీసుకోం? సాయం అడగడానికి నాకేం సిగ్గు లేదు." రోజ్దా అద్దంలోంచి చూపు తిప్పదు. "కానీ ఎవరిని చంపాలో, ఎక్కడ చావాలో వాడు చెబితే అది వాడి యుద్ధం. మా పిల్లల్ని పెట్టి వాడి యుద్ధం చేయనివ్వను!"

మంచులో పసుపు బోర్డు మెరుస్తుంది.

భానుశ్రీకి ఆ బోర్డు తెలుసు. బ్రేకులు ఫెయిలైన ట్రక్కుల కోసం రోడ్డుకి ఎడమపక్క గులకరాళ్ళు పోసిన దారి. అందులో దిగిన బండి కూరుకుపోవాల్సిందే!

ఆమె కారుని ఎడమకి తిప్పుతుంది.

యూట్ కూడా ఎడమకే!

భానుశ్రీ లైట్లు ఆర్పేస్తుంది... ఒక్కసారిగా కుడికి!

టైర్లు కీచుమంటాయి. కారు గిర్రున తిరిగి రెయిలింగుకి రాసుకుంటూ ఆగుతుంది.

వెనక రాళ్ళు కరకరమన్న చప్పుడు. ఇనుము నలిగిన చప్పుడు. ఆ తర్వాత... ఒక మూలుగు.

"చావనీ," అంటుంది రోజ్దా.

"నేను నర్సుని." ఫస్ట్ ఎయిడ్ బ్యాగు తీస్తుంది భానుశ్రీ. "పైనుంచి ట్రక్కు వస్తోంది. నువ్వెళ్ళి దాన్ని ఆపు."

రాళ్ళల్లో కాళ్ళు దిగబడుతుంటే యూట్ దగ్గరికి నడుస్తుంది. డాష్‌బోర్డు కింద హాలరన్ కాలు ఇరుక్కుపోయింది. రక్తం. ఆమె కిటికీలోంచి వంగుతుంది.

గడ్డం కింద చల్లగా ఏదో తగిలింది.

తుపాకీ!

"ఆ రోజ్దాని వెనక్కి పిలువు."

రోడ్డు మీద ట్రక్కు ఆగి ఉంది. రోజ్దా మెట్టెక్కి క్యాబిన్‌లోకి వంగడం మంచులో మసగ్గా కనిపిస్తోంది.

"పిలువు! లేకపోతే కాల్చేస్తా!"

విఠల్ గుర్తొస్తున్నాడు. అయినా గుండెల నిండా గాలి పీల్చి అరుస్తుంది.

"రోజ్దా! నా కోసం ఆగకు! మీటింగుకి వెళ్ళిపో!"

ట్రక్కు కదులుతుంది. ఎర్ర లైట్లు మంచులో కలిసిపోతాయి.

హాలరన్ నవ్వుతాడు. "చూశావా? నిన్ను వదిలేసి పోయింది. నేనూ అదే చేశాను. అవసరం తీరాక ఎవడైనా చేసేది..."

"నేను పోలేదు."

అవతలి తలుపు విసురుగా తెరుచుకుంటుంది. రోజ్దా! రెండు చేతులు అతని మణికట్టుని ఒడిసిపట్టి పైకి లేపుతాయి.

ఢాం!

యూట్ టాపుకి చిల్లు. భానుశ్రీ రాళ్ళ మీద పడుతుంది. మెడ తడుముకుంటుంది... బతికే ఉంది!

"ట్రక్కు డ్రైవర్ని పోలీసుల కోసం కిందికి పంపాను," అంటుంది రోజ్దా. తుపాకీ ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. గురి హాలరన్ నుదుటి మీద.

"రోజ్దా... వద్దు!"

"కాల్చు," అంటాడు హాలరన్. "నేను లేకపోతే మీకు ఆయుధాలిచ్చేదెవరు?"

"అడుగుతాం. పది దేశాల గుమ్మాలు తొక్కి అడుగుతాం. నీ చేతి కింద మాత్రం ఒక్క పిల్లాడు కూడా చావడు."

రోజ్దా మ్యాగజైన్ ఊడదీసి, తుపాకీ గొట్టంలో మిగిలిన తూటా కూడా దులిపేసి, తుపాకీని లోయలోకి విసిరేస్తుంది.

"ముందు వీడి కాలికి కట్టు కట్టు, భానూ. వీడు చావకూడదు. ఆ కొండ మీద పోయిన పిల్లల తల్లులున్నారు బ్రిస్బేన్‌లో. విమానాలు రావని తనకి ముందే తెలుసని, వాళ్ళ మొహాల్లోకి చూసి వీడే చెప్పాలి!"