నల్ల బీరువా మీది పసుపు

నేనిదివరకు ఏదీ రాసి ఎరగను. చిన్నబళ్లో నేర్చుకున్న తెలుగు, సరుకుల చీటీకి తప్ప వాడింది లేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా ఈశ్వరమ్మ పెద్దమ్మ సంగతి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మా దీవిలో మోకా అనే ఊళ్లో చెరుకు తోటల దొర ఇల్లొకటి ఉండేది. దీపాలు పెట్టాక ఆ ఇంటి హాల్లోకి పనివాళ్లెవరూ అడుగు పెట్టేవారు కాదు. అక్కడొక నల్ల బీరువా ఉంది — జపాను వాళ్ల పని చూసి ఫ్రాన్సు వడ్రంగులు చేసినదట, దొర తాతగారు ఓడలో తెప్పించుకున్నారు. కాళ్లు వెదురు గడల్లా చెక్కారు. తలుపు మీద ఎర్ర బట్టల ఆడమనిషి, దంతపు ముఖం, చుట్టూ బంగారు కొంగలు. ఆవిడ రాత్రిళ్లు తలుపులోంచి దిగి తిరుగుతుందని చెప్పుకునేవారు.

కరోల్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, ఆ దంతపు నుదుటి మీద పసుపు కనపడసాగింది. తుడిస్తే పోయేది. రెండు రోజులకి మళ్లీ...

దొరసాని, ఆ ఇంట్లో పనిచేసే ఈశ్వరమ్మ చేతులు వాసన చూసింది.

"ఈ ఇంట్లో పసుపు ముట్టుకునేది నువ్వొక్కదానివే. ఇంకోసారి కనపడితే నీకు పని లేదు. క్యాంపులో గదీ ఉండదు."

మొగుడు తుఫానులో పోయాక, ఇద్దరు పిల్లల్నీ చూపు మందగించిన అత్తనీ పెట్టుకుని, తోట కూలీలుండే ఆ క్యాంపు గదిలోనే బతుకుతోంది ఈశ్వరమ్మ. తను పూయలేదు. మరెవరు? ఆ రాత్రి హాల్లోనే కాపు కాయాలనుకుంది.

వంటమనిషి జీనెట్ నవ్వింది. "ఆవిడ దిగొస్తే ఊరికే కూర్చోబెట్టకు, నాలుగు గిన్నెలు తోమించు." అలా అందే గానీ, వెళ్లేటప్పుడు మెడలోని సిలువ తీసి ఈశ్వరమ్మ చేతిలో పెట్టింది.

చలి. కిటికీ అద్దాల నిండా మంచు. ఈశ్వరమ్మ సోఫా వెనక నేల మీద కూర్చుంది. కొవ్వొత్తి వెలిగించలేదు. అగ్గిపెట్టె ఒళ్లో ఉంది.

గడియారం పది కొట్టింది... పదకొండు...

బీరువా టక్కుమంది. చలికి చెక్క ముడుచుకుంటుందిలే — అనుకుంది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. తను తాళం వేసిన తలుపు. కొత్త మనిషి కనపడితే మీద పడే కుక్క... అరవలేదు.

అడుగులు. ఈడ్చుకుంటూ, తడుముకుంటూ... తెల్లటి ఆకారమొకటి బీరువా ముందు ఆగింది. చెయ్యెత్తి ఆ ముఖాన్ని నిమిరింది.

"తల్లీ... పిల్లల్ని చూసుకో..."

తెలుగు. ఈశ్వరమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. జపాను దెయ్యానికి తెలుగెలా వచ్చు?

అగ్గిపుల్ల గీసింది.

అత్త. పోలమ్మ.

"అత్తమ్మా... నువ్వా?"

"మెల్లిగా మాట్లాడవే. అమ్మోరు పడుకునే వేళ."

ముప్పై ఏళ్లు ఆ హాలు తుడిచింది పోలమ్మే. తాళంచెవి ఏ మెట్టు కింద దాస్తారో ఆవిడకి తెలుసు. కుక్కకి కూడు పెట్టి పెంచిందీ ఆవిడే. ఎర్ర చీర, బంగారు పిట్టలు... అమ్మోరు కాక ఇంకెవరు? తుఫాను రాత్రి కప్పు లేచిపోతుంటే ఆ తల్లికే మొక్కుకుంది. కొడుకు దక్కలేదు. మనవలు దక్కారు. ఆ మొక్కే ఈ పసుపు.

"నా పని పోతుందత్తమ్మా. గది పోతుంది."

"అయితే తుడిచెయ్యి," అంది పోలమ్మ. "నుదురొక్కటే కదా."

ఈశ్వరమ్మ కొవ్వొత్తి వెలిగించి, కొంగుతో నుదురు తుడిచింది. వెలుగు కిందికి దించింది. ఎర్ర బట్టల అంచు కింద రెండు చిన్న దంతపు పాదాలు.

వాటికీ పసుపు. ఇంకా తడిగా...

"పాదాలకి కూడా రాశావా?"

"నేనా? నా నడుం కిందికి వంగక ఎన్నాళ్లయిందే?"

తెల్లారి ఈశ్వరమ్మ బీరువాకి మైనం పట్టించింది. నుదురు అద్దంలా మెరుస్తోందని దొరసాని తలూపి వెళ్లింది. పాదాల జోలికి మాత్రం ఈశ్వరమ్మ పోలేదు. దొరసాని రాకముందే వాటికడ్డంగా పెద్ద పూలకూజా ఒకటి జరిపి పెట్టింది.

తర్వాత వంటింట్లోకెళ్లి సిలువ తిరిగిచ్చేసింది.

"దిగొచ్చిందా?" అంది జీనెట్.

ఈశ్వరమ్మ టీకి నీళ్లు పెట్టింది.