ఆయింట్‌మెంట్ ట్యూబ్

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి కొరియర్ గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. మెడలో సన్నని సూది. ప్రాణం పోయేముందు వాచీలోని ట్రాన్స్‌మిటర్‌లో రెండే మాటలు చెప్పాడు. సాయంత్రం శాంతి చర్చల హాల్లో బాంబు పేలుతుంది. చేసినవాడు మనవాడే.

"ఆ పని తెలిసినవాడు మన దగ్గర ఒక్కడే," అన్నాడు డిపార్ట్‌మెంట్ చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"మెకానిక్. నా టీమే సార్," అన్నాడు టీమ్ లీడర్ డేగ.

"అందుకే నిన్ను పంపుతున్నా. బాంబు ఆపు. ఆ తర్వాత అరెస్టులూ కోర్టులూ నాకొద్దు."

బల్ల మీదుగా ఒక లైటర్ జారింది. దానిలో ఒకే బుల్లెట్, ఒక మైకు.

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి మిషన్ తర్వాతా లీడర్ తన మనుషుల్ని వరసగా నిలబెట్టి వాళ్ళ తప్పులు చదువుతాడు. పోస్ట్‌మార్టమ్ అంటారు దాన్ని. అందులో మెప్పుకు చోటు లేదు. పొగిడితే మనిషి చెడిపోతాడని పెద్దాయన సిద్ధాంతం. తను తిట్టకపోతే మెచ్చుకున్నట్టే లెక్క అని డేగ నమ్మకం. ఆ సంగతి టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు.

పియానో బాగుచేసేవాడి వేషంలో డేగ ఆ చర్చలు జరిగే హోటల్ గ్రీన్‌రూమ్‌కి వెళ్ళాడు. అక్కడ పాడే నెమలి రెండు వైపులా జీతం తీసుకునే గూఢచారిణి.

"ఏ మెట్టు పలకడం లేదు?"

"నల్లది, చివరిది." కోడ్ సరిపోయింది. నెమలి చెవిపోగులు తీస్తూ అద్దంలోంచే చూసింది.

"మెకానిక్‌ని ఎంతకి కొన్నారు?"

"ఒక ఆయింట్‌మెంట్ ట్యూబ్‌కి."

"వేళాకోళం వద్దు."

"నిజమే బాబూ. సొరంగం మిషన్‌లో చెయ్యి కాల్చుకున్నాడుగా. పోస్ట్‌మార్టమ్‌లో ఏమన్నావ్?"

డేగకి గుర్తుంది. 'చెయ్యి కాలడం వల్ల పని ఆలస్యం.'

"నేను నొప్పి తగ్గిందా అన్నాను. బావురుమన్నాడు. హాలు కింద బాయిలర్ రూమ్‌లో ఉన్నాడు, వెళ్ళు."

"నాకెందుకు చెబుతున్నావ్?"

"రెండు వైపులవాళ్ళూ బతికుంటేనే నాకు రెండు జీతాలు." అతని కోటు సర్దుతూ దగ్గరికి వచ్చింది. "నీ మణికట్టు వాచింది. చూపించుకో."

బాయిలర్ పక్కన స్టూలు మీద మెకానిక్. ఒళ్ళో బాంబు, కాలిన చేతి బొటనవేలు స్విచ్ మీద. అతన్ని కాలిస్తే వేలు లేస్తుంది. లేచిందా, పైన హాలు మిగలదు. ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి.

"రండి సార్. తప్పులు చదువుతారా?"

డేగకి బెదిరించడం తెలుసు, బేరం తెలుసు. ఇది ఎప్పుడూ చేయలేదు.

"సొరంగంలో ఆ వైరు నువ్వు వదిలేసి ఉంటే మేమంతా పోయేవాళ్ళం. చెయ్యి కాలుతున్నా వదల్లేదు. చూశాను."

"చూశారా?"

"చూశాను. నీలాంటి పనివాడు నాకు మళ్ళీ దొరకడు."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. చెబుతూంటే డేగ గొంతు తనదిలా లేదు. లోపల ఇంకెవరో ఎన్నేళ్ళుగానో ఆ మాట పట్టుకుని కాచుకుని ఉన్నట్టుంది. అయినా చెయ్యి మాత్రం జేబులో లైటర్‌ని వెతుక్కుంటూనే ఉంది.

మెకానిక్ రెండో చేత్తో వైర్లు ఒక్కొక్కటే లాగాడు, పసివాడికి గుండీలు విప్పుతున్నంత నెమ్మదిగా. చివరి సెకనులో అంకెలు ఆరిపోయాయి. బొటనవేలు తీసి తలెత్తాడు. మొహమంతా తడి.

"ఇంకోసారి చెప్పండి సార్."

"నీలాంటి పనివాడు నాకు మళ్ళీ దొరకడు," అన్నాడు డేగ, లైటర్ నొక్కుతూ.

మర్నాడు పోస్ట్‌మార్టమ్. ఈసారి వరసలో డేగ నిలబడ్డాడు. పక్కన మెకానిక్ నిలబడే చోటు ఖాళీ. లైటర్ మైకు చెప్పినదంతా పెద్దాయన వినేశాడు.

"తప్పు ఒకటే. బాంబు ఆగిపోయాక కూడా పొగిడావు. రెండోసారి అనవసరం."

"ఎస్ సార్."

మణికట్టు సంగతి ఎవరూ అడగలేదు.

గదిలో కోటు విప్పుతుంటే జేబులో చల్లగా తగిలింది. ట్యూబ్. నెమలి ఎప్పుడు వేసిందో. పారేయబోయి, మూత తీసి రాసుకున్నాడు. మందు మంచిదే.

సాయంత్రం, నొప్పెలా ఉందని అడగడానికి ఫోన్ మోగింది. మొదటి రింగుకే ఎత్తాడు.