గుప్పెడు ఊకతో ఎగిరిన రాక్షసుడు

రేగడవరం రాజ్యానికి ఉన్నది ఒకటే నది. అది దిగివచ్చే కొండసందులో గండాసురుడనే రాక్షసుడు అడ్డంగా కూర్చున్నాడు. ఒకప్పుడు ఆకాశమంతా తిరిగినవాడే. సూర్యుడి దగ్గర రెక్కలు కాలిపోయాక ఆ దిగులుతో అక్కడ చతికిలబడ్డాడు. "నన్ను ఇంకొక్కసారి ఎగిరించండి, లేస్తాను" అంటాడు. తాటిచెట్టంత ముక్కున్నవాణ్ణి ఎవరెత్తుతారు? ఈలోగా ఊళ్లల్లో బావులు ఎండిపోయాయి.

చివరికి తోలుబొమ్మలాడించే నాంచారి బండి కట్టింది. ఏడు అడవులు దాటింది. ఏడని నేనంటున్నాను, కాదనడానికి ఆ ఎద్దులిప్పుడు లేవు.

"ఏం చేస్తావే పిల్లా?" అన్నాడు రాక్షసుడు.

"కూర్చున్నచోటే ఎగిరిస్తాను మామా."

"మూడుసార్లు చూస్తా. కుదరకపోతే ఎద్దులతో కలిపి నిన్నూ నంజుకుంటా."

ఆ సందులో మిట్టమధ్యాహ్నమూ చీకటే. నాంచారి తెర కట్టి, వెనక దీపం పెట్టి, నక్షత్రాల్లా కత్తిరించిన తోలుచుక్కలను గబగబా జరిపింది. రాక్షసుడు ఆవులించాడు. "చుక్కలు నడుస్తున్నాయి. నేను కూర్చునే ఉన్నా."

రెండోసారి డోలు వాయిస్తూ, చెక్కలు తొక్కుతూ నేల అదరగొట్టింది.

"ఇది గతుకుల్లో ఎద్దుబండి. ఆకాశంలో గతుకులుంటాయటే?" అంటూ వాడు పెదవులు నాక్కున్నాడు.

దీపం ముందు నలుసు పడితే నాంచారి తండ్రి ఊరుకునేవాడు కాదు. ఆమెకూ ఆ శుభ్రమే అలవాటు. కానీ ఇప్పుడు తొందరలో బొమ్మలబుట్ట చేయిజారింది. బొమ్మలు నలగకుండా పోసిన ఊక దీపం ముందునుంచి చిమ్ముకుపోయింది. తెరమీద నీడలు సర్రున దూసుకెళ్లాయి. రాక్షసుడి కాలివేళ్లు ముడుచుకున్నాయి.

"ఏమిటే అది?"

"ఇంకా మొదలుపెట్టలేదు మామా, ఉండు."

నాంచారి ఆలోచనలో పడింది. బండిలో వస్తుంటే దూరపు కొండలు తనతోపాటే వచ్చాయి. వెనక్కి పరుగెత్తినవి దారి పక్కన తుప్పలే. బండి జోరు చెప్పింది కొండలు కాదు, తుప్పలు.

ఈసారి చుక్కలను కదలకుండా గుచ్చేసింది. ఊకను తెర నడుమనుంచి అంచులకు, ముందు చిటికెడు, తర్వాత గుప్పెడు, ఆపైన రెండు చేతులా చిమ్మింది.

ఆకాశంలో ఊకెక్కడిదని అడగబోయి రాక్షసుడు ఆగిపోయాడు.

"అప్పుడు నాకింత వేగం తెలియలేదే పిల్లా" అన్నాడు మెల్లగా. "పైన పక్కనుంచి పోయేది ఏదీ లేదు. నిలబడే ఉన్నాననుకుని ఇంకా ఇంకా రెక్కలాడించాను. వేడి తగిలేదాకా తెలియలేదు."

అంటూనే ముందుకు వంగాడు. మోకాళ్లు లేచాయి, నడుము లేచింది. ఊక అయిపోయింది.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"నువ్వు లేచి నిలబడ్డావు మామా, అంతే."

రాక్షసుడు కిందికి చూశాడు. కాళ్ల మధ్యనుంచి నది ఉరకలేస్తోంది. తను కదలడం లేదు, నురగలు వెనక్కి దూసుకుపోతున్నాయి. చాలాసేపు అలాగే చూశాడు. మళ్లీ కూర్చోలేదు.

రాజు సంతోషపడి కొడుకునిచ్చి పెళ్లి చేస్తానన్నాడు.

"ఊక చల్లడం వచ్చా?" అనడిగింది నాంచారి.

రాకుమారుడికి రాదు. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. పెళ్లినాడు మాత్రం తలంబ్రాలు అతనెంత జోరుగా పోశాడంటే, పీటలమీద కూర్చున్న ఇద్దరూ కాసేపు ఎగిరారు.