విచారణ వాళ్ళొస్తారు

ఆ పొద్దున కూడా కరెంటు లేదు. నరసమ్మ బొగ్గుల కుంపటి మీద అన్నం వండుతుంటే, కోడలు పద్మిని చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ గుమ్మంలోంచే చెప్పింది.

"అత్తా, మధ్యాహ్నం విచారణ వాళ్ళొస్తారు. మీ నాన్నగారి కాగితాలన్నీ చూస్తారట. పెట్టె దించి ఉంచు."

నరసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎందుకటే?"

"పాత లైన్లలో ఎవరెవరుండేవారో రాసుకోడానికి."

బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగిపోయింది పద్మిని. మనుషులకి మాట పూర్తిగా చెప్పే తీరిక ఎక్కడిది!

పద్మిని పుట్టింటివాళ్ళు తన్లిన్ ఊరి తెలుగు కేథలిక్కులు. ఆమె చర్చికి వెళ్తుంటే ఈ హిందూ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఆర్నెల్లుగా ఆమె సేక్కాన్ రేవు దగ్గరున్న తమ చర్చి చరిత్ర రాస్తోంది. ఒకప్పుడు చర్చి స్థలంలో, ఇండియా నుంచి ఈ దేశానికి ఓడల్లో వచ్చిన రేవు కూలీల లైన్లు, అంటే వరస గదులు, ఉండేవి. మతం అడక్కుండా గదులిచ్చేవారు. నరసమ్మ పుట్టింది అక్కడే. ఆనాటి మనుషుల కాగితాలంటూ మిగిలింది ఆమె రేకు పెట్టెలోనే. అవి లేకపోతే పుస్తకంలో ఆ లైన్లు ఖాళీయే.

మధ్యాహ్నం పద్మిని ప్యాంటూ చొక్కాలో ఉన్న ఫాదరుగార్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇల్లంతా పొగ. పెట్టె ఖాళీ. కుంపటి నిండా బూడిద.

"ఈ ఇంట్లో కాగితాలేటీ లేవు బాబూ," ఫాదరుకి చేతులు జోడించింది నరసమ్మ. "మేమందరం ఇక్కడ పుట్టినోళ్ళమే."

పద్మిని ఒళ్ళు మండిపోయింది. "నీకు మతిగానీ పోయిందా అత్తా? అరవయ్యేళ్ళు దాచినవి తగలబెట్టేస్తావా!"

"నువ్వే కదే విచారణోళ్ళొస్తారన్నావు!" నరసమ్మ ఏడుపు లంకించుకుంది. "అప్పుడూ సర్కారోళ్ళు ఇలాగే ఒచ్చి కాగితాలడిగినారు. ఇండియా పుట్టుకని రాసుందని నా తోడబుట్టిన పెద్దదాన్ని, మా సింహాచలం అప్పని ఓడెక్కించీసినారు. అప్పటికి ఎనిమిదేళ్ళ గుంటని నేను, రేవులో నిలబడి సూసినాను. కాగితమే లేకపోతే నా కొడుకు సత్తిబాబునీ నిన్నూ ఏటి సేత్తారని..."

పద్మినికి అప్పుడు అర్థమైంది. పుట్టింట విచారణంటే చర్చి, దాని కిందుండే కుటుంబాలూ. ఫాదరుతో ఫోనులో మాట్లాడి మాట్లాడి ఆ మాటే నోటికొచ్చేసింది. ఈ ఊళ్ళో, సోదాలు చేసి మనుషుల్ని పట్టుకుపోతున్న ఈ రోజుల్లో, ఆ మాట వింటే ఎవరి గుండె జారిపోదు? పోయినవాళ్ళ పేర్ల కోసం ఆర్నెల్లు ఊరంతా తిరిగింది, ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం ఒక్కపూట కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు.

"మేం చర్చివాళ్ళం తల్లీ," అన్నారు ఫాదరు మెల్లగా.

నరసమ్మ గోడకి జారగిలబడింది. "అయితే ఉత్తినే కాల్చీసినానా? అప్ప ఫొటో ఒక్కటే ఉండీది. దాన్ని ఆఖర్న ఏసినాను."

పద్మిని ఆమె పక్కనే కూలబడి చేతులు పట్టుకుంది. "తప్పు నాది అత్తా. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి."

"నిన్నెందుకు తిడతానే? నిన్ను తీసుకుపోకుంటే సాలనుకున్నాను."

ఆ మాటతో పద్మినికి కన్నీళ్ళు ఆగలేదు. కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచింది. "అప్ప ఎలా ఉండేది? చెప్పు, రాస్తాను."

నరసమ్మ కళ్ళు మూసుకుంది.

"ఏ గదిలో ఎవురుండీవోరో సెప్పగల్ను. అప్ప మొకమే... ఎంత తలుసుకున్నా మంటలో ముడుసుకుపోతన్న ఫొటోయే కనబడతంది."

పద్మిని కలం పక్కన పెట్టి, అత్త తలని తన భుజానికి ఆనించుకుంది. ఆ రోజు పుస్తకంలోకి ఒక్క పేరూ ఎక్కలేదు.