ఎండకు పెట్టిన స్లైడ్లు

గార్లదిన్నెలో సైంటిస్టు కుళ్ళాయప్పను సొంత ల్యాబులోనే కాల్చి చంపిన మూడో రోజు, ఆయన కొడుకు ప్రతాప్ స్టవ్ రిపేరువాడి వేషంలో ఇంటికి వచ్చాడు. తండ్రికి కొరివి పెట్టే భాగ్యం కూడా లేకపోయింది పాపం. సీక్రెట్ ఏజెంట్ల బతుకింతే.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. "పాముకాటులో విషం ఎక్కిందో లేదో పది నిమిషాల్లో చెప్పే గాజు స్లైడ్లు. వాటిమీద మీ నాన్న కనిపెట్టిన ప్రోటీన్ పూసి ఉంది. చీకట్లో ఉన్నంతసేపూ దాన్ని కడిగి కాజేయొచ్చు. ఒక్కసారి అల్ట్రావయొలెట్ వెలుగు పడిందా, ఇక గాజును వదలదు. విదేశీ ముఠా చేతికి చిక్కితే పేటెంటు వాళ్ళది, మన పల్లెలకు మళ్ళీ పాడెలే. ముందు నువ్వే వాటిమీద ఆ వెలుగు వెయ్. అక్కడ మన మనిషి ఇంద్రాణి ఉంది. కోడ్, 'వాన పడుతుందా?'"

తలుపు తీసిన తల్లి అక్కమ్మ వేషగాణ్ణి ఎగాదిగా చూసింది. "పొయ్యి బాగానే ఉండాది. అయినా లోపలికి రాప్పా," అంది.

బల్లమీద స్లైడ్లున్న నల్లపెట్టె. ప్రతాప్ జేబులోని అల్ట్రావయొలెట్ పెన్ టార్చి తీయబోయాడు. వెనక సెంటు వాసన. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"వాన పడుతుందా?" అన్నాడు ప్రతాప్.

"ఈ ఊర్లోనా?" ఇంద్రాణి నవ్వింది. "మీ నాయనను నేను కాల్చలేదు ప్రతాప్. తలుపు తీసిపెట్టినా, అంతే."

ఆమె ఒక స్లైడు తీసి ద్రావణం చుక్క వేసింది. ప్రోటీన్ ఊడితే చుక్క నీలమవ్వాలి. అవలేదు. మరో స్లైడు. అదీ అంతే.

"వెలుగు ఎవరు తగిలించినారు?" అని అరిచింది.

"నేనేమ్మా," అంది అక్కమ్మ. "పోయినోళ్ళ సామాన్లు ఎండకు పెట్టేది మా ఇంటి ఆనవాయితీ. ఆయప్ప చొక్కాలు, చెప్పులు, ఈ గాజుముక్కలు, అన్నీ మిద్దెమీద పరిచినా."

ఇంద్రాణి తెల్లబోయిన ఆ ఒక్క క్షణం చాలు. ప్రతాప్ దెబ్బకు పిస్టల్ ఎగిరి మూలన పడింది. చేతులకు బేడీలు పడ్డాయి.

"తప్పు చేసినానా నాయనా? ఆయప్ప కష్టమంతా మట్టిపాలేనా?"

"లేదమ్మా. ఎండలో ఉండేదీ ఆ వెలుగే. నాయన చేయాల్సిన ఆఖరి పని నువ్వు చేసినావు." మూడు రోజులుగా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది ప్రతాప్‌కు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఆపరేషన్ చేసిన ఏజెంటు పేరు ఎవరిది రాయమంటావ్? రివార్డుంటుంది."

"అక్కమ్మ అని రాయండి సార్. రివార్డు మాత్రం వద్దు. ఆమెకు కావలసింది మన డిపార్టుమెంటు దగ్గర లేదు."